చుక్కలు లేని కాలరు

మా ఇంట్లో నా హోదా ఏమిటన్నది ఇప్పటికీ తేలలేదు. అదే అంతరిక్ష నౌకలో అయితే మెడ వంక చూస్తే చాలు. 1987లో మొదలైన 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' సీరియల్లో అధికారుల కాలరు మీద బంగారు చుక్కలుంటాయి. నాలుగుంటే కెప్టెన్, మూడుంటే కమాండర్, రెండుంటే లెఫ్టినెంట్. ఒక్కటే ఉంటే ఎన్‌సైన్, అంటే నిన్నగాక మొన్న కొలువులో చేరిన కుర్రాడు. నా కాలరు మీదా ఒక చుక్క ఉంది. అది సాంబారుది.

ఈ సీరియళ్ళలో అందరూ గ్రహాంతరవాసుల్ని చూస్తారు. నేను మాత్రం ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలో చూస్తాను. దీనికంతటికీ మూలపురుషుడు జీన్ రాడెన్‌బెరీ. రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానం నడిపిన మనిషి. 1966 సెప్టెంబరు 8న ఆయన 'స్టార్ ట్రెక్' టీవీలోకి వచ్చినప్పుడు, నౌకాదళంలోని హోదాలు ఉన్నవి ఉన్నట్టు ఆకాశానికెక్కాయి. ఆయన ఊహించిన ఇరవై మూడో శతాబ్దపు భూమ్మీద ఆకలి పోయింది, పేదరికం పోయింది, యుద్ధాలు పోయాయి. హోదాలు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ ఒక్క కారణానికే నాకాయన మీద గొప్ప నమ్మకం.

దాచడమెందుకు, నాకూ కెప్టెన్ కావాలనే ఉండేది. ఆ మొదటి సీరియల్లో కెప్టెన్ కిర్క్ కుర్చీ సరిగ్గా గది మధ్యలో, పెద్ద తెరకి ఎదురుగా ఉంటుంది. చేతి కిందే మీటలు. మా హాల్లో టీవీకి ఎదురుగా నా పడక్కుర్చీ, చేతి కింద రిమోటు. తక్కినదంతా అభ్యాసం మీద వస్తుందనుకున్నాను. పైగా 'నెక్స్ట్ జనరేషన్'లోని కెప్టెన్ పికార్డ్ పద్ధతి నాకు బాగా నచ్చింది. అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెడతాడు, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు, చివర్లో ఆయన "అలాగే కానివ్వండి" అంటాడు. అంతే, నౌక కదులుతుంది. ఈ మాత్రం పని నేను చెయ్యలేనా?

చేశాను కూడా. కొత్త ఫ్రిజ్ సంగతి అమ్మా, మా ఆవిడా కలిసి తేల్చేశారు. షాపు చూశారు, రంగు చూశారు, వాయిదాలు మాట్లాడారు. ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని మెట్ల మీదుగా మోసుకొచ్చి హాల్లో అడుగు పెట్టగానే నేను కుర్చీలోంచి గంభీరంగా, "సరే, అలాగే కానివ్వండి" అన్నాను. ముందున్న కుర్రాడు ఆయాసపడుతూ, "సార్, కాస్త కాళ్ళు తీస్తారా?" అన్నాడు.

చట్టం చూసుకున్నా నాకు దిక్కులేదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డులో కుటుంబ యజమాని స్థానం 18 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో అందరికంటే పెద్దావిడది. అంటే మా కెప్టెన్ అమ్మ. ఇక నంబర్ వన్, అంటే కెప్టెన్ తర్వాతి అధికారి, మా ఆవిడ. 1964లో 'స్టార్ ట్రెక్' కోసం తీసిన మొట్టమొదటి నమూనా, అంటే పైలట్ ఎపిసోడ్‌లో కూడా నంబర్ వన్ ఆడమనిషే. మేజెల్ బారెట్ ఆ వేషం వేసింది. ఛానెల్ వాళ్ళు ఆ పైలట్‌ని తిప్పికొట్టారు, తర్వాత ఆ పాత్రే లేకుండా పోయింది. మా ఇంట్లో తిప్పికొట్టే ఛానెల్ లేదు.

అమ్మ చాలాసార్లు బీరువా తాళాలు తీసి, "ఇక నీ ఇల్లు నువ్వు చూసుకోవే" అంది. మా ఆవిడ ప్రతిసారీ, "మీరుండగా నాకెందుకత్తయ్యా" అని చేతులు వెనక్కి తీసుకుంది. ఎంత వినయమో అని మురిసిపోయాను. తర్వాత పికార్డ్ నంబర్ వన్ కమాండర్ రైకర్ కథ తలకెక్కింది. అతనికి సొంత నౌక ఇస్తామని పైవాళ్ళు ఒకటికి రెండుసార్లు పిలిచినా వెళ్ళలేదు, పికార్డ్ పక్కనే ఉండిపోయాడు. ఎందుకెళతాడు? మాటపడాల్సి వస్తే కెప్టెన్ పడతాడు, నౌక నడిపేది ఇతను. మా ఇంట్లో పెళ్ళి పిలుపులు అమ్మ పేరున వస్తాయి. ఎవరి పెళ్ళికి ఎంత చదివించాలన్నది మా ఆవిడ చెబుతుంది. తక్కువైందని బంధువులు మూతి ముడిస్తే అమ్మ మీదే ముడుస్తారు.

నౌకలో కెప్టెన్‌ని సైతం గద్దె దింపగల అధికారం ముఖ్య వైద్యాధికారికి ఉంటుంది. మా ఇంట్లో ఆ పదవి మా అమ్మాయిది. ఇంటర్లో బైపీసీ తీసుకున్న నాడే నానమ్మ బీపీ పేరు చెప్పి ఆవకాయ జాడీ అటకెక్కించింది. కెప్టెన్ కిక్కురుమనలేదు.

ఇన్ని పదవులు భర్తీ అయ్యాక నాకు మిగిలినవాడు హ్యారీ కిమ్. 1995 నుంచి 2001 దాకా నడిచిన 'స్టార్ ట్రెక్: వాయేజర్' సీరియల్లో ఈ పిల్లాడు ఎన్‌సైన్‌గా చేరి, ఏడు సీజన్లూ ఎన్‌సైన్‌గానే ఉండిపోయాడు. అతని స్నేహితుడు టామ్ పారిస్ తప్పు చేసి జైలుకెళ్ళి, ఎన్‌సైన్‌గా దిగజారి, మళ్ళీ పైకెక్కాడు. కిమ్‌కి ఆ భాగ్యమూ లేదు. ఒక కథలో పాపం చచ్చిపోతే, అచ్చం అతనిలాగే ఉన్న ఇంకో కిమ్ జంట నౌకలోంచి వచ్చి అదే పనిలో చేరాడు. వాడికీ ప్రమోషన్ రాలేదు. నేను పోయినా మా ఇంట్లో ఇదే జరుగుతుందని నా నమ్మకం. "మోటారు సంగతి పై వాటావాళ్ళతో మాట్లాడి రండి" అని మా ఆవిడ ఆ వచ్చినవాణ్ణి కూడా పంపుతుంది. పాత సీరియల్లో కొత్త గ్రహం మీద దిగగానే ప్రాణాలొదిలేది ఎర్రచొక్కావాళ్ళు. అందుకని పై వాటాకి వెళ్ళేటప్పుడు నేను చొక్కా రంగు చూసుకుంటాను.

చివరికి నాకు దారి చూపింది కిర్కే. 1979 నాటి మొదటి 'స్టార్ ట్రెక్' సినిమాకి ఆయన అడ్మిరల్ అయిపోయాడు. పెద్ద పదవే, కానీ నౌక లేదు. తర్వాత ఆజ్ఞ మీరి నౌకనే ఎత్తుకుపోయాడు. 1986లో వచ్చిన నాలుగో సినిమా చివర్లో విచారణ జరిపి, శిక్షగా కెప్టెన్ హోదాకి దించి ఒక నౌక చేతికిచ్చారు. ఆయనకి కావలసిందీ అదే! ఆ ఘట్టం వెనక్కి తిప్పి తిప్పి చూశాను. తప్పు చేసేవాడికి తెలివుండాలే గానీ, శిక్షలో వరం దొరుకుతుంది.

ఆదివారం వంట నా వంతు. ఓ ఆదివారం పోపు మాడ్చాను. మరో ఆదివారం పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. భోజనాల బల్ల దగ్గర విచారణ జరిగింది. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "వీణ్ణి వంటింటి గడప తొక్కనివ్వకు" అని తీర్పు చెప్పింది. అచ్చం కిర్క్ లాగే తల వంచుకుని నిలబడ్డాను. లోపల మాత్రం పడక్కుర్చీ కళ్ళముందు మెదులుతోంది.

మా ఆవిడ లోపలికెళ్ళి గరిటె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆ నాలుగో సినిమా మీ పక్కన కూర్చుని నేనూ చూశానండీ. ఆదివారాలతో మీకు చెయ్యి తిరగదు. రేపటినుంచి రోజూ టిఫిన్ మీదే. ప్రమోషన్ అనుకోండి."