తలమీది కామా

బహువచనం కనిపిస్తే చాలు, మనవాళ్లు దాని తలమీద ఒక కామా పెట్టేస్తున్నారు. నెల్లూరు నుంచి మైపాడు దాకా, అటు ముత్తుకూరు దాకా ఫ్లెక్సీలు చూడండి: టిఫిన్'స్, శారీ'స్, రొయ్యల మేత అమ్మేచోట ఫీడ్'స్, పిల్లల్ని అమ్మేచోట (రొయ్యపిల్లల్నే లెండి) సీడ్'స్. ఆ అపాస్ట్రఫీకి ఇంగ్లీషువాడు ముఖ్యంగా ఇచ్చిన ఉద్యోగాలు రెండు. డోంట్, కాంట్ లాంటి మాటల్లో ఎగిరిపోయిన అక్షరం జాగాలో కూర్చోవడం ఒకటి, ఇది ఫలానావారిది అని చెప్పడం ఇంకొకటి. టిఫిన్'స్‌లో ఎగిరిపోయిన అక్షరమేదీ లేదు. టిఫిన్లకు సొంతమైన ఆస్తి ఏమిటో బోర్డు చెప్పదు. నిజంగా దాని అవసరమున్న చిల్డ్రన్స్ హాస్పిటల్ బోర్డు మీద మాత్రం జాడ ఉండదు. డిప్యుటేషన్ మీద టిఫిన్ సెంటరుకు వెళ్లినట్టుంది. ఇది తప్పే, చిరాకే. అయితే ఈ బోర్డుల్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుకుని నవ్వే పండితుల్ని చూస్తే అంతకంటే చిరాకు. ఆ నవ్వే హక్కు వాళ్లకెవరిచ్చారు?

ఇంగ్లీషువాడు ఇచ్చాడందామా అంటే, వాడు మన తీరానికి వచ్చిన సంగతి చూడాలి. 1611లో బందరులో కొట్టు పెట్టినవాళ్లు, అక్కడ పొసగక 1626లో మన దుగరాజపట్నం చేరారు. వాళ్ల కాగితాల్లో ఆ ఊరు ఆర్మగాన్. తమకు సాయపడిన ఆర్ముగ మొదలియార్ పేరు అట్లా పెట్టుకున్నారంటారు. మొదలియారుగారి పేరులో అన్ని అక్షరాలు ఎగరగొట్టి ఒక్క అపాస్ట్రఫీ అయినా పెట్టలేదు, గమనించండి. కోట కట్టారు, ఫిరంగులు నిలబెట్టారు, బట్టల బేళ్లకు లెక్కలు రాసుకున్నారు. కానీ ఈ బేలు ఫలానావాడిది అని రాయడానికి ఖాయమైన గుర్తు వాళ్ల దగ్గరే లేదు. అంతకు మూడేళ్ల ముందు, 1623లో, లండన్‌లో షేక్‌స్పియర్ నాటకాల సంపుటి అచ్చయింది. దాని ముఖపత్రం మీద షేక్‌స్పియర్స్ అన్నచోట అపాస్ట్రఫీ లేదు. అన్ని నాటకాలు ఆయనవని చెప్పడానికి అక్కర్లేకపోయిన గుర్తు మన ఇడ్లీలకు కావాల్సి వచ్చింది! సొంతం చెప్పడానికి దాన్ని వాడే పద్ధతి వాళ్ల దేశంలో కుదురుకునేసరికి 18వ శతాబ్దం వచ్చింది. అప్పటికి వాళ్లు దుగరాజపట్నం వదిలేసి, 1639లో సంపాదించిన మద్రాసులో స్థిరపడి తరాలు గడిచాయి. మన ఒడ్డుకు ఫిరంగులైతే మోసుకొచ్చారు గానీ, ఈ వ్యాకరణం తేలేదు.

చరిత్ర ఎట్లా ఉన్నా ఇప్పుడు నియమం తేలికే కదా, నేర్చుకుంటే ఏం పోయిందంటారు. తేలికా? రాముడిది అనాలంటే గుర్తు కావాలి. దానిది అనే అర్థంలో ఇట్స్‌కు వద్దు. అది ఉంది అనే అర్థంలో అదే ఇట్స్‌కు మళ్లీ కావాలి. ఇంగ్లండులోనే ఈ బోర్డు తప్పుకు కూరగాయల కొట్లవాళ్ల పేరు పెట్టారు. 2001లో జాన్ రిచర్డ్స్ అనే రిటైరైన పాత్రికేయుడు అపాస్ట్రఫీ రక్షణకని ఏకంగా ఒక సంఘం పెట్టి, 2019లో, 96 ఏళ్ల వయసులో, ఇక నావల్ల కాదని మూసేశాడు. సరే, గుర్తు తప్పితే అర్థం చెడదా అంటే, మన అరసున్న కథ ఉండనే ఉంది. అదీ పోయిన నిండుసున్న జాగాలో కూర్చున్న గుర్తే. వాఁడు అంటే మనిషి, అరసున్న లేని వాడు అంటే వడలిపోవడం. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. పండితులు ఎంత పట్టుబట్టినా వాడుక భాష దాన్ని వదిలేసింది. వాడు వచ్చాడంటే, ఎవరో పాపం వడలిపోయి వచ్చారని ఇవాళ ఎవరూ మంచినీళ్లతో ఎదురు పరుగెత్తడం లేదు.

అయినా ఆ టిఫిన్'స్ కిందనే తెలుగు వరుస కూడా ఉంటుంది: బోజనం లబించును. దాన్ని ఎవరూ ఫొటో తీయరు, ఏ గ్రూపులోనూ నవ్వరు. ఇంగ్లీషు తప్పు బయటపడితే మనకు నామోషీ. మన భాషలో ఒత్తు పోతే అసలు కంటికే ఆనదు, ఆనినా అర్థమైంది కదా అని సర్దుకుపోతాం. ఆ ఔదార్యమేదో అపాస్ట్రఫీ మీద చూపించి, ఈ పట్టుదల కాస్త ఒత్తు మీద పెడితే బాగుండేది. ఫ్లెక్సీ కొట్టేవాణ్ని నిలదీస్తే మాత్రం ఏమంటాడు? ఫాంటులో ఒత్తు సరిగా పడలేదంటాడు. కామా ఏ ఫాంటులోనైనా పడుతుంది.