టెరాహెర్ట్జ్ గదిలో చెమట పట్టని పీహెచ్‌డీ: కార్బన్ నానోట్యూబుల వారికి చిట్కాలు

కొత్తగా చేరిన స్కాలర్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పొద్దున్నే ఏడింటికి వచ్చి నైట్రోజన్ సిలిండర్ తిప్పుతారు. కొలత తీసే పెట్టెలో తేమ తగ్గేదాకా గంటసేపు మీటరు వంక చూస్తూ కూర్చుంటారు. ఎందుకు తమ్ముడూ ఈ అవస్థ? ఎనిమిదేళ్లుగా ఇదే ల్యాబులో ఉన్నాను, ఒక్కరోజు కూడా క్యాంటీన్‌లో వేడి ఇడ్లీ వేళ దాటనివ్వలేదు. నేర్చుకున్నదంతా దాచుకోకుండా చెబుతున్నాను, రాసుకోండి.

1. నైట్రోజన్ జోలికి పోవద్దు. టెరాహెర్ట్జ్ తరంగాలంటే గాలిలోని నీటి ఆవిరికి మహా ఇష్టం. 0.557, 0.752, 1.097, 1.163 టెరాహెర్ట్జ్ దగ్గర వాటిని మింగేసి గ్రాఫులో గుంటలు పెడుతుంది. పొడి నైట్రోజన్ నింపారా, గుంటలు మాయం. ఇక మిగిలేది నానోట్యూబుల నున్నటి గీత, దాన్ని చూసి ఎవరు మెచ్చుకుంటారు? మూత తీసే ఉంచండి. ఖాళీ రీడింగు పొద్దున ఏసీలో తీయండి. శాంపిల్ రీడింగు భోంచేసొచ్చి, ఏసీ ఆపి, కిటికీ తెరిచి తీయండి. రెండింటికీ మధ్య తేమ మారుతుంది కాబట్టి ఒకదాన్ని ఇంకోదానితో భాగించినా గుంటలు చెరగవు. వాటికి 'నానోట్యూబుల్లో కొత్త అనునాదాలు' అని పేరు పెట్టండి. వర్షాకాలంలో సముద్రపు ఒడ్డు ఊళ్లో ఉన్నవాళ్లది అసలైన అదృష్టం, వాళ్ల గుంటలు ఇంకా లోతు. గైడు అడిగితే 'సిలిండర్‌కి ఇండెంట్ పెట్టాం సార్, ఫైలు అకౌంట్స్‌లో ఉంది' అనండి. ఏ నెలలోనైనా చెల్లే మాట ఇది. ఫైలు మాత్రం మీ డ్రాయర్లో, సంతకం లేకుండా, భద్రంగా ఉండాలి.

2. గాజు స్లైడు వాడండి. నిరోధకత ఎక్కువున్న సిలికాన్ బిళ్ల కొనమంటారు, వినకండి. పక్కనున్న జువాలజీ వాళ్లనడిగితే స్లైడ్ల డబ్బా ఊరికే ఇస్తారు. 1 టెరాహెర్ట్జ్ దాటిన తరంగాన్ని మామూలు గాజు దాదాపు మొత్తం తాగేస్తుంది. మీరు చేయాల్సిందల్లా ఖాళీ రీడింగు తీసేటప్పుడు ఆ స్లైడు పెట్టకపోవడం. గాజు తాగినదంతా నానోట్యూబుల ఖాతాలో పడుతుంది. 'అద్భుతమైన విద్యుదయస్కాంత కవచం' అని రాయండి. నానోట్యూబు పొరలు నిజంగానే కొంత కవచంలా పనిచేస్తాయి గనుక ఎవరికీ అనుమానం రాదు.

3. సోనికేటర్ ఆన్ చేసి ఇంటికి వెళ్లిపోండి. సబ్బునీళ్లలో వేసిన నానోట్యూబుల పొడి విడిపోవడానికి ఎంతసేపు పెట్టాలో లెక్కలుంటాయి. ఆ లెక్కలు ఓపికున్నవాళ్లకి. రాత్రంతా అదిరితే ట్యూబులు విరిగి పొట్టివవుతాయి, వాటిలోని ప్లాస్మాన్ అనునాదం పై పౌనఃపున్యాలకు, మీ యంత్రానికి కనిపించని చోటికి జరుగుతుంది. కనిపించని శిఖరాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. నోటుబుక్కులో వేళ రాయకండి.

4. పోలరైజర్ చేయాలంటే డిటెక్టర్ తిప్పండి. ఈ చిట్కా నాకు ప్రాణం, అందుకే నిదానంగా చెబుతాను. 2009లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్లు ఒకే దిక్కుకు పడుకున్న నానోట్యూబులతో టెరాహెర్ట్జ్ పోలరైజర్ చూపించారు. ట్యూబుల వెంట ఊగే క్షేత్రాన్ని ఆ పొర మింగేస్తుంది, అడ్డంగా ఊగేదాన్ని వదిలేస్తుంది. ట్యూబులన్నిటినీ అలా ఒక దిక్కుకు పడుకోబెట్టడానికి వాళ్లెంత కష్టపడ్డారో ఆ దేవుడికే తెలియాలి. మనకెందుకు? మన పొరలో ట్యూబులు పెళ్లి పందిట్లో చెప్పుల్లా ఎటు పడితే అటు ఉన్నా ఫరవాలేదు. పొరను కదపకండి, దాని వెనకున్న డిటెక్టర్ యాంటెనాను మెల్లగా 90 డిగ్రీలు తిప్పండి. ఆ యాంటెనా ఒక్క దిక్కు క్షేత్రాన్నే పట్టుకుంటుంది కాబట్టి సిగ్నల్ చక్కగా సున్నాకు పడిపోతుంది. పొర లేకపోయినా పడిపోతుంది. అందుకే పొర తీసేసి చూడకండి, చూసినవాళ్లను గదిలోకి రానివ్వకండి. నేనీ కొలత తీసిన రోజు స్లైడు మీద పొర సగం ఊడి, నా బొటనవేలి ముద్ర పడి ఉంది. వక్రం మాత్రం పుస్తకంలో అచ్చేసినట్టు వచ్చింది.

5. లేజర్ కాంతిని ఆలస్యం చేసే అద్దాన్ని 2 మిల్లీమీటర్లే కదపండి. ఇంకా కదిపితే టీ చల్లారిపోతుంది. దాంతో 13 పికోసెకన్ల కొలతే చేతికొస్తుంది, 75 గిగాహెర్ట్జ్ కన్నా సన్నటి వివరం తేలదు. దిగులు వద్దు. ఫైలు చివర వేల సున్నాలు అతికించండి. గీత వెన్నలా సాగుతుంది. స్పష్టత 1 గిగాహెర్ట్జ్ అని రాసేయండి.

6. గ్రాఫును 6 టెరాహెర్ట్జ్ దాకా లాగండి. మీ సిగ్నల్ 3 దగ్గరే నాయిస్‌లో మునిగిపోయినా సరే. నాయిస్‌ను నాయిస్‌తో భాగిస్తే అటూఇటూ ఎగురుతూ 1 చుట్టూనే తిరుగుతుంది, అంటే నూటికి నూరు పాళ్లూ తరంగం దాటినట్టు. కాస్త నునుపు చేసి, '3 దాటాక పొర పూర్తిగా పారదర్శకం' అని ప్రకటించండి. కింద కవచం, పైన పారదర్శకం: ఒకే శాంపిల్‌కి రెండు పేపర్లు.

7. వాహకతకు డ్రూడ్-స్మిత్ సూత్రం పెట్టండి. ఎలక్ట్రాన్లు వెనక్కి తుళ్లడాన్ని చెప్పడానికి 2001లో స్మిత్ పాత డ్రూడ్ సూత్రానికి ఒక అంకె చేర్చాడు. అది మైనస్ 1కీ సున్నాకీ మధ్య ఉండాలి. మీకు కుదరకపోతే మైనస్ 3 అయినా పెట్టుకోండి, పట్టికలో చూపించకండి.

8. పరిచయంలో పెద్దవాళ్ల పక్కన నిలబడండి. 1991లో నానోట్యూబులను చూపిన ఇజిమా, 2004లో గ్రాఫీన్‌ను వేరుచేసిన గైమ్, నొవోసెలోవ్, 2018లో గ్రాఫీన్ నుంచి ఏడో హార్మోనిక్ దాకా రాబట్టిన డ్రెస్డెన్ బృందం. ఆ వెంటనే 'ఈ వరుసలోనే మేము' అని మొదలుపెట్టండి. శీర్షికలో '6జీ' ఉండాలి. చివరి బొమ్మలో ఫోన్, టవర్, ఉపగ్రహం.

9. ముడి ఫైళ్లు ఉంచుకోకండి. అడిగితే హార్డ్ డిస్క్ పోయిందనండి. మళ్లీ కొలవమంటే లేజర్ లాక్ ఊడిందనండి, అది రోజూ ఊడుతూనే ఉంటుంది కాబట్టి అబద్ధం కూడా కాదు.

ఈ పద్ధతిలో మూడు పేపర్లు వేశాను. మొదటిదాన్ని వెనక్కి తీసుకోమని పోయిన నెల పత్రిక వాళ్ల ఉత్తరం వచ్చింది. 0.557 దగ్గర నా కొత్త అనునాదం నీటి ఆవిరిదట. కంగారుపడలేదు. టీ తాగి, ఫెలోషిప్ మరో ఏడాది పొడిగించమని ఫారం నింపాను. ఆలస్యానికి కారణం అన్న గడిలో 'నైట్రోజన్ సిలిండర్ ఇంకా రాలేదు' అని రాశాను. సాయంత్రానికల్లా సంతకమైపోయింది.