నన్ను నిమరకుండా పెంచినవాళ్లు

జింకనే గాని నాకు కొమ్ముల్లేవు. మా మగవాటికీ ఉండవు. వాటి పైదవడ నుంచి చిన్న కోరలు మాత్రం బయటికొస్తాయి. మూడు కిలోల ఒళ్లు, దాని మీద తెల్లటి చుక్కలు, చారలు. మమ్మల్ని మూషిక జింకలంటారు. పగలు తొర్రలోనో పొదచాటునో నక్కి, రాత్రిపూట రాలిన పండ్లు, లేతాకులు ఏరుకు తింటాం.

నేను పుట్టింది మాత్రం హైదరాబాదులో, బహదూర్‌పురా నెహ్రూ జూపార్కులో. ఉచ్చులకూ కుక్కలకూ కార్చిచ్చులకూ మావాళ్లు తరిగిపోతుంటే, 2010లో అక్కడ మాకోసం సంతానోత్పత్తి కేంద్రం పెట్టారు. కేంద్ర జూ అథారిటీ అండ, సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్ శాస్త్రవేత్తల చదువు, జూ సిబ్బంది చాకిరీ కలిస్తేనే నాలాంటివి కళ్లు తెరిచాయి.

మాకు బెదురు జాస్తి. కొత్తగా చేరిన కుర్రాడు తలుపు దభాలున వేస్తే, మా కీపరు గొంతు తగ్గించి, "మెల్లగ బిడ్డా, భయానికే పానం పోతది దానికి" అనేవాడు. తరిగిన పండ్లు, ఆకులు పెట్టి, నా కళ్లలోకి చూడకుండా వెనుదిరిగేవాడు. పొద్దున్నే వచ్చి ఎంత తిన్నామో చూసుకుని, నేల మీది మా పెంటికలను ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసేవాడు. సూది గుచ్చే పనిలేకుండా ఆ పెంటికల్లోని హార్మోన్లను బట్టే ఎవరు చూలుతో ఉన్నదీ, ఎవరు బెదిరి ఉన్నదీ శాస్త్రవేత్తలు తెలుసుకునేవారు.

మా కీపరు నన్ను ఒక్కసారి కూడా నిమరలేదు. ముద్దుపేరు పెట్టలేదు. మనిషికి మాలిమి అయిన జింక అడవిలో ఎన్నాళ్లు బతుకుతుంది? ఆ దూరమే అతని ప్రేమ.

2017లో మాలో కొందరిని నల్లమలకు, అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకెళ్లారు. మొదట కంచె కట్టిన అడవిలో వదిలి, అక్కడి వాసనలు, చప్పుళ్లు అలవాటు చేశారు. తొలి రాత్రి ఎండుటాకుల మీద నా గిట్టల చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. కాసేపటికి ఆకలి భయాన్ని గెలిచింది. మూతితో ఆకులు తోసి, రాలిన కాయ ఒకటి నేనే వెతుక్కున్నాను.

మా కీపరు ఇప్పుడూ ఆ పనిలోనే ఉంటాడు. మీరు పిల్లలతో జూకి వెళ్లినప్పుడు బోనుల ముందు కేకలు వేయకండి, రాళ్లు విసరకండి. స్తోమత ఉంటే ఒక జంతువును దత్తత తీసుకుని దాని తిండి ఖర్చు భరించండి. అడవి పక్క ఊరు మీదైతే, ఉచ్చు కనబడగానే అటవీశాఖకు చెప్పండి. మమ్మల్ని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.