ముందు కాళ్లు, తర్వాతే తుపాకీ

షిఫ్టు విడిచే వేళ రుద్రారం దగ్గర బొంబాయి హైవేను నడిచి దాటగలిగిన మనిషికి పెయింట్‌బాల్‌లో కొత్తగా నేర్పాల్సింది పెద్దగా ఉండదు. వచ్చేవాడు ఎటు చూస్తున్నాడో కనిపెట్టాలి. సందు దొరగ్గానే ఉరకాలి. డివైడర్ చాటున ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ ఉరకాలి. రోడ్డు మీద మన మీదికొచ్చేది సిమెంటు ట్యాంకరు, ఆటలో వచ్చేది రంగుగోళీ. అంతే తేడా.

టీమ్ బిల్డింగ్ అంటూ ఒక ఆదివారం మా కంపెనీవాళ్లను శివారు రిసార్టుకు తీసుకెళ్లినప్పుడు ఈ మాట చెప్పి చూశాను. ఎవరూ వినలేదు. అందరి కళ్లూ తుపాకీ మీదే. గోళీ సెకనుకు దాదాపు 90 మీటర్ల వేగంతో వస్తుందనీ, ఏం జరిగినా మాస్కు తీయొద్దనీ అక్కడి కుర్రాడు మొత్తుకుంటుంటే, మా స్టోర్స్ అన్న మాస్కు పెట్టుకుని సెల్ఫీలో తను ఏమాత్రం కనిపించడం లేదని బాధపడుతున్నాడు.

నిజానికి మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసే మా పటాన్‌చెరు, పాశమైలారం వైపు జనానికి ఆ గోళీ చుట్టమే. పైన జెలటిన్ తొడుగు, లోపల పాలీఇథిలీన్ గ్లైకాల్, కాస్త రంగు. మెత్తటి మందు గుళికలు తయారయ్యే పద్ధతిలోనే ఇదీ తయారవుతుంది. ఆ గ్లైకాల్ జాతిదే ఒకటి మలబద్ధకానికి మందు కూడా. క్వాలిటీ కంట్రోల్ మేడమ్ పగిలిన గోళీని వేళ్ల మధ్య నలిపి, "అతుకు సరిగా లేదు, బ్యాచ్ రిజెక్ట్" అని తేల్చింది. ఆ పరీక్ష కోసం లేచి నిలబడటంతో మరుక్షణమే ఆమే రిజెక్టయింది.

ఈ ఆట పుట్టిందే ఒక వాదంలోంచి. నగరంలో నెగ్గుకొచ్చినవాడు అడవిలో నెగ్గగలడా అని స్టాక్ బ్రోకర్ హేస్ నోయెల్, రచయిత చార్లెస్ గెయిన్స్ వాదించుకున్నారు. 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, హెన్నికర్ దగ్గరి అడవిలో 12 మంది జెండాల వేటకు దిగారు. చేతుల్లో ఉన్నవి చెట్లకూ పశువులకూ రంగు గుర్తులు వేసే తుపాకులు. గెలిచింది రిచీ వైట్ అనే అటవీ పనివాడు. జెండాలన్నీ తెచ్చుకున్నాడు గానీ ఒక్క గోళీ కూడా పేల్చలేదు!

ఆయన పేల్చకుండా గెలిస్తే మావాళ్లు కదలకుండా గెలుద్దామనుకున్నారు. బంకర్ పైనుంచి తల ఎత్తకూడదు, పక్కనుంచి తొంగిచూడాలి. అదీ ఒకసారి చూసిన చోటినుంచి రెండోసారి చూడకూడదు. మా అకౌంట్స్ సారుకు పద్ధతి ప్రాణం. ప్రతిసారీ అదే మూల, అదే ఎత్తు. అవతలివాడు గురిపెట్టి తీరిగ్గా ఎదురుచూశాడు.

ఉరికే ముందు చేరాల్సిన చాటు చూసుకోవాలి. మనం లేచాక అవతలివాడు గురి కుదుర్చుకునేలోపు, అంటే రెండు మూడు సెకన్లలో, అక్కడ పడిపోవాలి. ఒకడు గోళీలు కురిపిస్తూ ఎదుటివాళ్ల తలలు వంచి ఉంచితే రెండోవాడు ముందుకు సాగాలి. మా డిస్పాచ్ తమ్ముడు "నేను కవరిస్తున్నా, నువ్వు ఉరుకన్నా!" అని అరిచాడు. "నేనే కవరిస్తున్నా, నువ్వే ఉరుకు తమ్మీ!" అని ఇవతలి అన్న. ఇద్దరూ పరస్పర గౌరవంతో అక్కడే రంగు పూయించుకున్నారు. పాకుడు సంగతి చెప్పనక్కర్లేదు. మనిషి ఆగినా పొట్ట బంకర్ దాటి బయటికొచ్చేస్తుంది.

చివరికి జెండా తెచ్చింది మా హౌస్‌కీపింగ్ అక్క. పెళ్లికి ముందు వరినాట్లు వేసిన నడుము, ఇప్పుడు రోజంతా వంగి ఊడ్చే నడుము. మోకాళ్లు మడిచి, తల దించి, చాటునుంచి చాటుకు జారుకుంటూ పోయింది. మధ్యలో నన్ను చూసి, "అంత నిటారుగ నిలబడ్తరేంది సార్? వంగుండ్రి!" అని మందలించింది కూడా.

అందుకే ఆదివారం వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. తుపాకీ అడిగేముందు నేలమీద సకిలం ముకిలం వేసుకుని కూర్చోండి, చేయి ఆనించకుండా లేవండి. లేవగలిగితే దాడిలో చోటుంది. లేవలేకపోతే జెండా దగ్గర కాపలా ఉద్యోగం ఖాళీగా ఉంది. కాకపోతే దానికి పోటీ ఎక్కువ. మా మేనేజర్లంతా ముందే దరఖాస్తు పెట్టేశారు.