ముఖం ఉంటే చాలు, మనిషెందుకు?

బడికి రాని పంతులు, డ్యూటీకి రాని గుమస్తా, క్లాసుకు రాని కుర్రాడు... ఈ ముగ్గురినీ దారికి తెచ్చే మంత్రం ప్రభువులకు దొరికింది. సెల్‌ఫోనుకు ముఖం చూపించడమే ఆ మంత్రం. 2025 ఆగస్టు 1 నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో టీచర్లకు ముఖం చూపితేనే హాజరు. ఇక గైర్హాజరు పీడ విరగడైనట్టేనని ఏలినవారి ధీమా.

మంచిదే. కాకపోతే అంతకు తొమ్మిది నెలల ముందు, 2024 నవంబరులో, ఇదే సర్కారు సమగ్ర కుటుంబ సర్వే పెట్టింది. 36,559 మంది ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్) టీచర్లనూ, 3,414 మంది ప్రాథమిక బడుల హెడ్‌మాస్టర్లనూ ఫారాలు చేతికిచ్చి ఇంటింటికీ తిప్పింది. వాళ్లు తలుపులు తట్టేందుకు వీలుగా ప్రాథమిక బళ్లను మధ్యాహ్నం ఒంటిగంటకే మూయించింది. టీచరు తనంతట తాను మాయమైతే గైర్హాజరు, సర్కారు మాయం చేస్తే ఆన్ డ్యూటీ! మూడో తరగతి పిల్లకు ఈ తేడా తెలియదు పాపం, ఆమెకు కనిపించేది ఖాళీ కుర్చీయే.

ఇది నిష్ఠూరం కాదు, లెక్కే. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2017 నాటి అధ్యయనం కోసం ఆరు రాష్ట్రాల్లో బళ్లు తిరిగి చూస్తే, 18.5 శాతం మంది టీచర్లు బడిలో లేరు. కారణం లేకుండా ఎగ్గొట్టినవాళ్లు మాత్రం 2.5 శాతమే. తతిమ్మా వాళ్లు సెలవులోనో, పైవాళ్లు అప్పగించిన పనిలోనో ఉన్నారు. అలాగని అయ్యవార్లందరూ హరిశ్చంద్రులని కాదు. 2003లో ప్రపంచ బ్యాంకు బృందం చెప్పాపెట్టకుండా బళ్లకు వెళితే, దేశంలో నలుగురిలో ఒకరు కనిపించలేదు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం తర్వాత కట్టిన లెక్కలో ఈ ఖాళీ కుర్చీల ఖరీదు ఏటా సుమారు 150 కోట్ల డాలర్లని తేలింది. రోగం ఉన్నమాట నిజం. గొడవంతా మందుతోనే.

కెమెరా అసలు పనికే రాదనడమూ అన్యాయమే. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ దగ్గర సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే పల్లె బళ్లలో రోజూ ఫొటో తీయించి, హాజరును బట్టి జీతమిస్తే టీచర్ల గైర్హాజరు 42 శాతం నుంచి 21కి దిగింది. అదే జిల్లాలో సర్కారు నర్సుల మీద హాజరు టైము ముద్రించే మిషన్ ప్రయోగిస్తే కొన్నాళ్లు బ్రహ్మాండంగా సాగింది. ఏడాదిన్నర తిరక్కుండానే ఫలితం సున్నా. మిషన్ చెడిపోయిందా అంటే అదీ కాదు. పైఅధికారులే అడిగినవాళ్లకల్లా 'ఈ రోజు మినహాయింపు' అని రాసిచ్చేశారు.

ఇక మిషన్‌కు అందని గైర్హాజరు చూడాలంటే హైదరాబాద్ ఈశాన్య కొసన ఉన్న దమ్మాయిగూడకు రావాలి. పక్కనే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు, నగరం వదిలించుకున్న వేల టన్నుల చెత్త రోజూ చేరే చోటు. గాలి ఇటు తిరిగిందంటే ఎండాకాలమైనా కిటికీలు బిడాయించుకోవాల్సిందే. కంపు, దోమలు, దగ్గు, ఆయాసం అంటూ జనం ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు, ధర్నాలూ చేశారు. రాత్రంతా దగ్గిన పిల్లాడు పొద్దున లేవలేకపోతే రిజిస్టరులో పడేది 'ఏ' అన్న ఒక్క అక్షరం. అది పిల్లాడి ఖాతాలోనే పడుతుంది. యార్డు ఖాతాలో ఇంతవరకు ఒక్క గైర్హాజరూ పడలేదు.

ఆ పిల్లాడి తండ్రి నాచారం పారిశ్రామికవాడలో కార్మికుడైతే కథ ఇంకా రంజుగా ఉంటుంది. అక్కడ కార్మికుల బీమా పథకం ఈఎస్‌ఐ వారి ఆసుపత్రి ఉంది. ఆ బీమాకు నెల జీతం 21,000 దాటనివాడి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం చందా పోతుంది. జబ్బుచేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే కూలిలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. చట్టం ఉదారమైనదే. అయితే మామూలుగా మొదటి రెండు రోజులకు పైసా రాదు. అంటే మూడు రోజుల జ్వరానికి ఒక్క రోజు డబ్బు, అందులోనూ రూపాయికి ముప్పై పైసలు కోత. దానికోసం లైన్లో నిలబడితే నాలుగో రోజు కూలీ గోవింద! అందుకని పెద్దమనిషి డోలో గోళీ మింగి, సలసల కాగే ముఖాన్నే మిషన్‌కు చూపిస్తాడు. మిషన్‌కు ముఖం తెలుస్తుంది కానీ ఒళ్లు కాలడం తెలియదు. ఆ నెల కంపెనీ కాగితాల్లో హాజరు నూటికి నూరు, ఫ్యాక్టరీలో జ్వరం ఇద్దరికి కాస్తా ఆరుగురికి.

నిజంగా ఒళ్లు బాగాలేనివాడు హాజరు. మరి నిక్షేపంగా ఉన్నవాడు? అతని కోసం విశ్వవిద్యాలయాలు వేరే దారి వేసి పెట్టాయి. జేఎన్‌టీయూహెచ్ నిబంధన ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా పడిపోయినా వైద్య కారణాలు చూపి, రుసుము కడితే క్షమిస్తారు. సంక్రాంతి నుంచి పరీక్షల దాకా మన ఇంజినీరింగ్ కుర్రకారుకు ఇన్ని జబ్బులు ఎలా వస్తాయో వైద్యశాస్త్రం తేల్చాలి. వినని పాఠానికి ఒక ఫీజు, వినలేదు కాబట్టి ఇంకో ఫీజు.

మిషన్‌ను నమ్ముకున్నవాళ్లకు జీహెచ్‌ఎంసీ ఒక పాఠం చెప్పింది. పారిశుధ్య కార్మికులకు బయోమెట్రిక్ పెట్టాక, రాని కార్మికుల వేలిముద్రలు విడిగా డ్యూటీకి రావడం మొదలెట్టాయి. కొవ్వొత్తి మైనంలో వేలి అచ్చు తీసి, ఫెవికాల్ పోసి ఆరబెడితే పొరలాగా ఊడివస్తుంది. ఆ పొరలను జేబులో వేసుకుని ఒకడే పదిమంది హాజరు కొట్టేయొచ్చు. పోలీసులు పట్టుకున్నాక ముఖం మిషన్లు వచ్చాయి. వాటికి ఫొటోలు చూపించారు.

పల్లెలు వెనకబడతాయా? 2025లో జగిత్యాల జిల్లాలో ఒక పంచాయతీ కార్యదర్శి హాజరుకు సాక్షాత్తూ ముఖ్యమంత్రి ఫొటోయే ఎక్కింది. యాప్ కిమ్మనలేదు. ముఖ్యమంత్రిగారు ఆ ఊళ్లో డ్యూటీ చేసినట్టే లెక్క.

అదే ఏడాది జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కూడా ఉపాధి హామీ పనుల హాజరు యాప్‌ను తరచి చూసి గుండెలు బాదుకుంది. కూలీల ఫొటోలకు బదులు ఫొటోల ఫొటోలు, పనికి సంబంధం లేని బొమ్మలు ఎక్కుతున్నాయట. వెంటనే రాష్ట్రాలకు ఉత్తర్వు వెళ్లింది. ఇకపై యాప్‌లోకెక్కే ప్రతి ఫొటోనూ మనుషులే కళ్లతో చూసి సరిపోల్చాలట, పంచాయతీ స్థాయిలో నూటికి నూరు శాతం. ఆ చూసేవాళ్లు కూడా పొద్దున్నే తమ హాజరును యాప్‌లోనే వేసుకుంటారు.