సేనాని ఇల్లు చెప్పుకున్న కథ

చెబుతున్నది ఢిల్లీలోని తీన్ మూర్తి భవనం. గోడలకు ‘నేను’ అనడం రాదు గనుక ‘ఈ ఇల్లు’ అనే చెప్పుకుంటుంది.

1930లో పూర్తయ్యేనాటికి దీని పేరు ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్. బ్రిటిష్ ఇండియా సర్వసేనాని కాపురానికి కట్టారు. నమూనా గీసిన రాబర్ట్ టోర్ రస్సెల్ చేతి మీదుగానే కన్నాట్ ప్లేస్ కూడా వచ్చింది. వైస్రాయి భవనానికి దక్షిణాన దీనికి చోటిచ్చారు. ఆ కొత్త రాజధానిలో సేనాని హోదా ఎంతటిదో ఆ చోటే చెప్పేస్తుంది. తెల్లటి గోడలు, తోటవైపు కమానుల వరండాలు. వరండాలు బాగా లోతుగా ఉండటంతో ఢిల్లీ ఎండ సూటిగా గదుల్లోకి చొరబడదు. తీర్చిన కొలతల్లో దర్పం ఉంది, నిజమే. అయినా ఈ ఇల్లు ఎక్కువగా ఇష్టపడేది ఆ నీడనే.

ఇదే ఆవరణలో ఫిరోజ్ షా తుగ్లక్ వేట విడిది కుశక్ మహల్ 14వ శతాబ్దం నుంచీ ఉంది.

ఎదుటి కూడలిలోని మూడు విగ్రహాలు కూడా వయసులో ఈ ఇంటికంటే పెద్దవే. లియొనార్డ్ జెన్నింగ్స్ చెక్కిన ఆ స్మారకం 1922 నాటిది. హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్ల గుర్తుగా నిలిపారు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీదికి గుర్రాలు దూకించింది జోధ్‌పూర్, మైసూరు దళాలు; హైదరాబాద్ రౌతులదీ అదే బ్రిగేడ్. ఇంటికి ఇప్పటి పేరు ఆ మూడు విగ్రహాల (తీన్ మూర్తి) వల్లే వచ్చింది. సేనానుల ఇల్లు చివరికి సిపాయిల పేరు పెట్టుకోవడం ఈ ఇంటికి గర్వం.

చెట్‌వుడ్, వేవెల్ ఇక్కడి సేనానులే. తర్వాత ఆకిన్‌లెక్. రెండో ప్రపంచయుద్ధంలో 25 లక్షలు దాటిన సైన్యం ఆయనది. 1947లో దాన్నే రెండు దేశాలకు పంచే పనీ ఆయన మీదే పడింది. కలిసి పోరాడినవాళ్లను విడదీయడం కంటే బరువైన పని ఈ గోడల మధ్య ఏ సేనానికీ రాలేదు.

1948లో నెహ్రూ వచ్చారు. బ్రిటిష్ సైనికాధికారుల నిలువెత్తు పటాలు గోడలు దిగి రక్షణశాఖకు వెళ్లిపోయాయి. సేనాని గడపలో పౌర ప్రధాని కాపురం పెట్టారు. ఈ ఇంటి బతుకులో ఇంతకు మించిన మలుపు లేదు. తోటలో ఎర్ర పాండాలు చేరాయి, మనవలు రాజీవ్, సంజయ్ ఆడుకున్నారు. 1964 మే 27న నెహ్రూ ఇక్కడే కన్నుమూశారు.

అదే ఏడు నవంబరు 14న రాష్ట్రపతి రాధాకృష్ణన్ ఇంటిని జాతికి అంకితం చేశారు. ఇది మ్యూజియమైంది. 2022లో ప్రధానమంత్రుల సంగ్రహాలయం తెరిచాక పి.వి. నరసింహారావు పాలనాకాలం కూడా ఈ ఆవరణకే చేరింది.