పొయ్యి దిగిన పెంక

నా పొట్టలో ఇప్పుడు కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. తాగితే తాగనీ, దూప ఎవరికైనా దూపే. కానీ ఆ ఎర్ర పుంజు నా అంచు మీదికెక్కి నిలబడి కూస్తుంది చూడండి, అప్పుడు కాలుతుంది కడుపు. నలభై ఏండ్లు నిప్పుల మీద కూసున్నదాన్ని నేను.

కోస్తావాళ్లు పెనం అంటారట. మా ఆసిఫాబాద్ దిక్కు రొట్టె పెంక అంటారు. నా పుట్టుకలో పెద్ద ముచ్చటేం లేదు. కమ్మరి కొలిమి, ఒక మందపాటి ఇనుప రేకు, ఒళ్లంతా సుత్తి దెబ్బలు, అంతే. వంశం గొప్ప చెప్పుకోమంటే మాత్రం చెప్పుకుంటాను. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లు. దాంతోనే డమాస్కస్ కత్తులు చేశారంటారు. ఆ ఉక్కుకూ నాకూ చుట్టరికం ఏమిటని అడక్కండి. ఇద్దరం ఇనుమే, అప్పట్లో పక్క జిల్లావాళ్లమే.

అవ్వ నన్ను అంగట్లో కొన్నది. కొనేముందు వేలి గణుపుతో కొట్టి మోత విన్నది. ఇంటికి తెచ్చి వెంటనే రొట్టె వేయలేదు. బూడిదతో, కొబ్బరి పీచుతో కొలిమి మసి పోయేదాకా రుద్దింది. కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, గుడ్డపేలికతో కుసుమ నూనె పల్చగా పూసి, పొగ వచ్చేదాకా కాల్చింది. చల్లారినాక మళ్లీ పూసింది, మళ్లీ కాల్చింది. మూడు రోజులు ఇదే పని. కొడుకు ఆకలికి ఆగలేక గునిస్తే "ఆగు బిడ్డా, పెంకకు తోలు రావాలె" అన్నది.

ఆ మాటకు అర్థం నాకు తరవాత తెలిసింది. ఇనుము కంటికి నున్నగానే ఉంటుంది గానీ దగ్గర నుంచి చూస్తే అంతా గుంతలూ గుట్టలే. పల్చటి నూనె బాగా కాగితే జిడ్డుగా మిగలదు, గట్టిపడి నల్లటి పొరై ఆ గుంతలను పూడ్చి ఇనుమును కరచుకుంటుంది. కుసుమ, అవిసె లాంటి ఆరిపోయే గుణమున్న నూనెలకు ఈ పని తొందరగా అబ్బుతుంది. నూనె దండిగా పోస్తే మాత్రం పొర రాదు, బంకగా మిగులుతుంది. అవ్వ ఈ చదువు ఎక్కడా చదవలేదు. అయినా నన్ను అద్దంలా చేసింది.

ఇక రొట్టెల ముచ్చట. జొన్నపిండిలో గోధుమకున్న సాగుడు లేదు, అందుకే అవ్వ ఉడుకు నీళ్లతో పిసికేది. చేత్తో చప్పుడయ్యేలా కొట్టి, నా మీద వేసి, పైన తడిచేత్తో ఒకసారి తుడిచేది. చుక్క నూనె ఉండదు. అయినా ఏనాడూ అంటుకోలేదు. రొట్టె వేసేముందు నా మీద నీళ్లు చిలకరించేది. చుక్క సుయ్యిమని అక్కడే ఇగిరిపోతే "ఇంకా కాగలే" అనేది. ముత్యంలా ఉరికితే బాగా కాగినట్టు. నీటికీ ఇనుముకూ నడుమ ఆవిరి పరుపు పడుతుంది, చుక్క దాని మీద జారుతుంది.

అంటుకోవడంలో కిటుకంతా ఇక్కడే ఉంది. గోరువెచ్చటి పెంక మీద గుడ్డు కొడితే అందులోని మాంసకృత్తులు ఉడికేలోపు లోహాన్ని పట్టుకుంటాయి. కాగిన పెంక మీద వేస్తే అడుగు తడి వెంటనే ఆవిరై పైకి నెడుతుంది. దోసెకు మాత్రం లెక్క వేరు. మరీ కాగితే పిండి పరుచుకోదు, గంటెకు చుట్టుకుపోతుంది. అప్పుడు నీళ్లు చల్లి తుడిచి, నూనెలో ముంచిన సగం ఉల్లిగడ్డతో రుద్ది, అప్పుడు పొయ్యాలి. వేసినాక గీకొద్దు, కాలనివ్వాలి. అడుగు ఎర్రబడితే అదే వదులుతుంది. వదలలేదంటే పెంక చెడ్డదని కాదు, ఇంకా కాలలేదని.

నా మీద పులుసు వండలేదు అవ్వ. చింతపండు పులుపు నా నల్లతోలును తినేస్తుంది, కూర కూడా నల్లబడుతుంది. పులుసుకు మట్టికుండ ఉండేది.

తరవాత ఇంట్లోకి సిల్వర్ గిన్నెలొచ్చాయి. పేరు వెండిది, ఒళ్లు అల్యూమినియంది. తొందరగా వేడెక్కుతాయి, పులుపు పడదు. స్టీలు వచ్చింది. మెరుపే మెరుపు, కానీ అల్యూమినియంతో పోలిస్తే వేడిని పంచడంలో పదో వంతు కూడా లేదు. మంట తగిలిన చోట మాడుతుంది, అంచున పచ్చిగా ఉంటుంది. వాటితో నాకు పగ లేదు.

పగ ఆ నల్లదానితో. 2016 దసరా నాడు కొమురం భీం పేరుతో మాది జిల్లా అయింది, ఆసిఫాబాద్ జిల్లా కేంద్రమైంది. ఆ దీపావళికి అవ్వ కొడుకు నాన్‌స్టిక్ పెంక తెచ్చాడు. దాని మీది పూత 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే ఆయన చేతికి అనుకోకుండా దొరికిందట. ఆ ఏడాదే మా పక్కన కాగజ్‌నగర్‌లో సిర్పూర్ కాగితం మిల్లు పుట్టింది. మిల్లు వల్ల పిల్లలకు నోటుబుక్కులొచ్చాయి, ఆ పూత వల్ల నాకు సవతి వచ్చింది. 1954లో ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ దాన్ని వంటగిన్నెకు అంటించాడు, అదీ భార్య అడిగితే.

నిజం చెప్పాలి, గుడ్డు దాని మీద మంచు మీద జారినట్టు జారింది. కోడలు మురిసింది. కానీ దాని డబ్బా మీదే రాసి ఉంది, ఖాళీగా పెద్ద మంట మీద పెట్టొద్దని. 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడడం మొదలవుతుంది, ఇంకా కాగితే వచ్చే పొగకు పంజరంలో చిలకలు కూడా చస్తాయి. జొన్నరొట్టెకు కావాల్సింది సరిగ్గా అదే కదా, నూనె లేని ఎండు పెంక, పెద్ద మంట! ఎవరూ ఆలోచించలేదు. పైగా ఇనుప గంటెతో తిప్పారు, స్టీలు పీచుతో తోమారు. మూడేండ్లు తిరగకముందే గీతలు పడి, పూత పొలుసులూడి, నాకంటే ఎక్కువ అంటుకోసాగింది.

అప్పటికే నా పని అయిపోయింది. అవ్వ పోయిన నెలలోనే ఒక రాత్రి నన్ను సబ్బునీళ్లలో నానబెట్టి పడుకున్నారు. ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే. నలభై ఏండ్ల తోలు ఒక్క రాత్రిలో మెత్తబడింది. పొద్దున పీచుతో గీకి, తడి తుడవకుండా గోడకు ఆనించారు. మూడోనాటికి ఒళ్లంతా ఎర్ర జంగు. దాని మీదే దోసె పోశారు. అంటుకుంది, అంటుకోకేం చేస్తుంది? "ముసలిదాని పెంక, పనికిరాదు" అన్నది కోడలు. తుడిచి, ఒక్క చుక్క నూనె రాసి ఉంటే చాలు కదమ్మా! ఆ నూనె పదిపైసల ఖరీదు కాదు.

ముందు బియ్యం డబ్బా మీద మూతనయ్యాను. తరవాత కోళ్లగూటికి తలుపు. ఇప్పుడు వేపచెట్టు కింద నీళ్లపళ్లెం. పాత సామాన్లవాడు వచ్చినప్పుడు ఆ నల్లదాన్ని తూకానికి వేశారు. నన్ను మాత్రం వదిలేశారు, కోళ్లకు అక్కరకొస్తానని.

మొన్న మనుమరాలు హైదరాబాద్ నుంచి వచ్చింది. వెంట ఒక బరువైన డబ్బా. అందులో పోత ఇనుప పెంక, ముందే నూనె పూసి కాల్చినదట, ధర విని కోడలు నోరు తెరిచింది. పిల్ల వాకిట్లో కూసుని కాగితం చదివి వినిపించింది. సబ్బులో నానబెట్టొద్దు. కడగగానే ఆరబెట్టాలి. పల్చగా నూనె రాయాలి. పులుపు వండొద్దు.

"మా అత్త గిట్లనే అనేది" అన్నది కోడలు, మెల్లగా.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. డబ్బా అట్టను నా మీదికి విసిరేసి ఇద్దరూ లోపలికి పోయారు. పుంజు దాని కిందికి దూరింది.